చీటీ రాసి అడగండి

నెట్‌వర్క్ కేంద్రం, మూడో అంతస్తు
జనవరి 12

వదినా,

క్షేమ సమాచారాలు ఆదివారం ఫోన్లో అన్నయ్య దగ్గర రాబట్టేశాను కాబట్టి నేరుగా సంగతిలోకి వస్తున్నాను. ఎప్పటిలాగే నువ్వు "పనిలో ఉన్నావు"ట. ఆదివారం పూట అంత పనేముంటుందో నాకు తెలియదు. ఫోను మోగగానే ఆడపడుచు అని తెలిసి పెరట్లోకి పారిపోతున్నావని నా అనుమానం.

సంగతేమిటంటే, పెట్టెకి నూకలు చెల్లాయి.

పదకొండేళ్ళ క్రితం మా శాఖ దేశమంతా ఈ పెట్టెలు పంచినప్పుడు ఎంత హడావుడి జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. లావుపాటి ఫోన్ పుస్తకాలు ఏటా అచ్చువేయలేక, ఫోనున్న ప్రతి ఇంటికీ ఒక చిన్న తెర, ఒక మీటల పలక ఇచ్చి, నంబర్లు ఇందులో చూసుకోండి అన్నారు. ఫోన్లు తక్కువున్న మీలాంటి ఊళ్ళకి టెలిఫోన్ ఆఫీసులోనే ఒక పెట్టె, దాని ముందు ఒక కిటికీ, కిటికీ వెనక నువ్వు. నంబర్లతో మొదలై రైళ్ళ వేళలు, పరీక్షా ఫలితాలు, వాతావరణం అన్నీ అందులోకి ఎక్కాయి. ఆ ఆకుపచ్చ అక్షరాల పేజీల్లో సగం నా చేత్తో కూర్చినవే. పేజీకి ఇరవై నాలుగు వరసలు, వరసకి నలభై అక్షరాలు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పాలన్నా చోటుండదు. నీకు ఇంతింత పొడుగు ఉత్తరాలు ఎందుకు రాస్తానో ఇప్పటికైనా అర్థమైందా?

ఇప్పుడు ఇంటర్నెట్ వచ్చింది. ఊరూరా అందరూ ఎగబడతారనుకున్నాం. మనవాళ్ళు మాత్రం "మాకు పెట్టె ఉందిగా" అని కాళ్ళు బారజాపుకుని కూర్చున్నారు. నేను లెక్కలు తీశాను. పెట్టె బాగా నడిచిన ఊళ్ళే కొత్తదాని వైపు తొంగి చూడటం లేదు. పెట్టె ఎన్నడూ అందని ఊళ్ళు నేరుగా ఇంటర్నెట్‌లోకి దూకాయి. అందరికన్నా ముందు నిద్రలేచి, అందరికన్నా వెనకబడ్డాం. కడుపు నిండిన బేరమంటే ఇదే.

అందుకని ఒక కమిటీ వేశారు. అందులో నేనూ ఉన్నాను. ఒక ఊళ్ళో పెట్టె పూర్తిగా తీసేసి, అదే కిటికీలో ఇంటర్నెట్ కంప్యూటరు పెట్టి చూడాలని తీర్మానించాం. ఏ ఊరు అనగానే అందరికన్నా ముందు చెయ్యెత్తి మీ ఊరు చెప్పాను. ఏప్రిల్ మొదటి సోమవారం నుంచి. దేశంలో మొదటి కిటికీ నీదే వదినా. నా తరఫున కానుక అనుకో.

నీ ఆడపడుచు


టెలిఫోన్ ఆఫీసు, విచారణ కిటికీ
జనవరి 20

ఆడపడుచుగారికి,

కానుక అందింది. కానుకలిచ్చేవాళ్ళు పుచ్చుకునేవాళ్ళని ముందు ఒక మాట అడుగుతారని నేననుకునేదాన్ని. మీ పుట్టింటి పద్ధతి వేరేమో.

నాకేమీ పెట్టె మీద వల్లమాలిన ప్రేమ లేదు. కాని ఇక్కడి సంగతి నీకు తెలియాలి. నా గది ఎంతుంటుందో నువ్వు చూశావు. ముందు బల్ల, బల్ల మీద పెట్టె, పక్కన ఫోను. నా వెనక గోడకి గడియారం, అదే, ఆరేళ్ళ క్రితం పిల్లి పడేసి పగలగొడితే మీ అన్నయ్య బాగుచేసింది. దాని కింద ఫైళ్ళ బీరువా. కొత్త మిషను ఎక్కడ పెడతారు, నా ఒళ్ళోనా? కరెంటు మధ్యాహ్నాలు ఉండీ లేనట్టు ఉంటుంది. పైగా ముసలివాళ్ళు ఈ ఆకుపచ్చ అక్షరాలకి అలవాటు పడటానికే నాలుగేళ్ళు పట్టింది.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఇక్కడ పని ఒక పద్ధతిలో నడుస్తోంది. లైను కలిపిన క్షణం నుంచీ మీటరు తిరుగుతుంది కదా. అందుకని నా కిటికీ దగ్గర నోటితో అడగడం లేదు. బల్ల అంచున కత్తిరించిన కాగితం ముక్కలు, దారం కట్టిన పెన్సిలు ఉంటాయి. అడగాల్సింది ఒక్క వరసలో రాసి లోపలికి తోస్తేనే నేను మీట నొక్కుతాను. "చీటీ రాసి అడగండి" అని అద్దం మీద బోర్డు కూడా ఉంది. రాయడం రానివాళ్ళకి వరసలో వెనకున్నవాళ్ళు రాసిపెడతారు. మొదట్లో అందరూ సణుక్కున్నారు. వకీలుగారి గుమాస్తా ఉన్నాడు చూడు, గుబురు మీసాలాయన, "నోరు దేవుడిచ్చాడు, పెన్సిలు మీరిస్తున్నారు, ఏది పెద్దది?" అని ఆ ఫిర్యాదు కూడా చీటీ మీదే రాసిచ్చాడు.

ఇప్పుడు చూడాలి. "మా తోడల్లుడి కొడుకు ఒకడున్నాడు, వాడు చిన్నప్పటి నుంచీ..." అని పురాణం విప్పే మనిషి, "పరీక్ష నంబరు 40712, పాసా?" అని రాసి ఊరుకుంటాడు. రెండు నిమిషాల్లో జవాబు పట్టుకుని పోతాడు. పదకొండేళ్ళుగా కుదురుకున్న పద్ధతి ఇది. దీన్ని చెడగొట్టకు. ఇంకో ఊరు చూసుకో.

వదిన


నెట్‌వర్క్ కేంద్రం, మూడో అంతస్తు
జనవరి 28

వదినా,

నీ ఉత్తరం చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. పక్క బల్ల మీద ఆవిడ ఏమైందని అడిగితే, "మా వదిన కంప్యూటరు నేర్చుకోవడానికి బద్ధకించి కరెంటు మీద నేరం మోపుతోంది" అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వ్యవహారం. నలభై ఎనిమిదేళ్ళకే ముసలివాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకున్నావేమిటి?

నీ అభ్యంతరాలన్నిటికీ మందు నా దగ్గర ఉంది. గది ఇరుకంటావా, బీరువా బయట వరండాలో పెట్టిస్తాను. అద్దం కిటికీ కూడా తీసేయిస్తాను. దాని బదులు పొడుగు బల్ల, పక్కపక్కనే రెండు కుర్చీలు. నువ్వు తెర వైపు చూస్తూ కొడుతుంటే, వచ్చినవాళ్ళు పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు చెప్తుంటారు. ఇద్దరూ ఒకే తెర చూడొచ్చు. ఎంత బావుంటుందో ఊహించుకో.

ఇక మీటరు. అసలు తీపి కబురు అదే. ఈ కొత్త లైనుకి మీటరు లేదు. పొద్దున్న కలిపితే సాయంత్రం దాకా కలిసే ఉంటుంది. కాబట్టి నీ చీటీలు, పెన్సిలు, దారం అన్నీ అటకెక్కించెయ్. పాపం ఆ గుమాస్తాగారు పదకొండేళ్ళుగా బిగబట్టుకున్న నోరు విప్పి హాయిగా మాట్లాడుకుంటాడు.

ఇంకో ఊరు చూసుకోవడమంటూ లేదు. పేరు పైకి వెళ్ళిపోయింది. మార్చి ఆఖర్లో మనుషులు వస్తారు.

నీ ఆడపడుచు


టెలిఫోన్ ఆఫీసు
ఫిబ్రవరి 6

మరదలికి,

సరే. బల్ల బరువు, మొయ్యడానికి ఇద్దరు మనుషులు కావాలని వచ్చేవాళ్ళకి చెప్పు.

మీ అన్నయ్య కులాసా.

వదిన


నెట్‌వర్క్ కేంద్రం, మూడో అంతస్తు
ఫిబ్రవరి 17

వదినా,

మూడు వరసల ఉత్తరం నీ దగ్గర నుంచి ఇదే మొదటిసారి. రెండుసార్లు తిప్పి చూశాను, వెనకేమైనా రాశావేమో అని. కోపం వచ్చిందా? వస్తే తిట్టు. నువ్వు తిడితే నాకు బెంగ ఉండదు.

ఉండబట్టలేక మొన్న మంగళవారం పన్నెండింటికి నీ కిటికీలో ఫోనుకే చేశాను. చాలాసేపు మోగింది. చివరికి ఎవరో మగాయన తీసి, "అమ్మగారు పనిలో ఉన్నారండీ, ఏం చెప్పమంటారు?" అన్నాడు. వెనకాల నీ మీటల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ ఫోను నీ మోచేతికి తగిలేంత దూరంలో ఉంటుందని నువ్వే రాశావు. నేను ఆడపడుచునని చెప్పమన్నాను. ఆయన "చెప్తానండీ, తర్వాత ఉత్తరం రాస్తారు" అని పెట్టేశాడు. ఎవరాయన? నీ ఉత్తరాల సంగతి ఆయనకెందుకు తెలుసు? అంతసేపు మోగుతుంటే నువ్వెందుకు తియ్యలేదు?

నేను నీకు మంచి చేస్తున్నాననుకున్నాను. పోయినసారి నువ్వు రాసిన కారణాల్లో ఒక్కటీ అసలు కారణం కాదని ఇప్పుడనిపిస్తోంది. నీ ఇష్టం వచ్చినంత ఆలస్యం చెయ్యి, కాని నిజం రాయి.

నీ ఆడపడుచు


ఇల్లు, వంటింటి బల్ల దగ్గర
ఫిబ్రవరి 27

మరదలు పిల్లకి,

ఈ ఉత్తరం ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఎదురుగా మీ అన్నయ్య ఎవరిదో చేతిగడియారం విప్పుకుని కూర్చున్నాడు. రాస్తున్నానని ఆయనకి చెప్పాను. "ఎప్పుడో రాయాల్సింది" అన్నాడు.

నాకు వినపడదు. తక్కువగా వినపడటం కాదు, అసలు వినపడదు. నువ్వు ఫోను చేసిన రోజు ఆ ఫోను నా మోచేతి పక్కనే మోగి ఉంటుంది. నాకు తెలియదు.

ముందు కుడిచెవి పోయింది. అప్పుడింకా పాత ఎక్స్ఛేంజిలో ఆపరేటరుని. హెడ్‌సెట్ ఎడమ చెవికి మార్చుకుని మూడేళ్ళు నెట్టుకొచ్చాను. తర్వాత ఎడమదీ మొదలైంది. సరిగ్గా అప్పుడే ఎక్స్ఛేంజి ఆటోమేటిక్ అయింది. మాతో పనిచేసే ఆడవాళ్ళంతా ఉద్యోగాలు పోతాయని ఏడ్చారు. నేను బాత్రూములో తలుపేసుకుని నవ్వాను. ఆ తర్వాత నీ పెట్టె వచ్చింది, నన్ను కిటికీలో వేశారు. మొదటిరోజు ఆ ఆకుపచ్చ అక్షరాలు తెర మీద వరసగా వస్తుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. దాని ముందు నేను చెవిటిదాన్ని కాదు. అవి నువ్వు కూర్చిన పేజీలని నాకు తెలుసు. ఈ మాట నీకు పదకొండేళ్ళుగా చెప్పాలనుకుంటూనే ఉన్నాను.

ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి చాలావరకు పట్టుకోగలను. కాని మొదటివారంలోనే గుమాస్తాగారు వచ్చాడు. ఆ మీసాల వెనక మాట ఎలా కనిపెట్టను? రెండుసార్లు అడిగించుకున్నాను. మూడోసారి అడగడానికి భయమేసి, మీటరు వైపు వేలు చూపించి, ఒక కాగితం, పెన్సిలు ముందుకు తోశాను. చీటీ పద్ధతి పుట్టింది అలా. మీటరు నాకు దొరికిన సాకు. పొదుపు పేరు చెప్పి ఊరు ఊరందరి చేతా పదకొండేళ్ళు రాయించాను.

ఇప్పుడు నువ్వు మీటరు తీసేస్తున్నావు. అద్దం తీసేసి, మనిషిని నా పక్కన కూర్చోబెట్టి, చెవిలో చెప్పమంటున్నావు. పక్కనున్నవాళ్ళ పెదాలు నాకు కనపడవు. మొదటిరోజు మొదటి మనిషితోనే తేలిపోతుంది. శాఖ నియమాల పుస్తకంలో ఉంది కదా, జనంతో మాట్లాడే చోట కూర్చునేవాళ్ళకి చూపు, వినికిడి సరిగ్గా ఉండాలని. నన్ను పాత ఫైళ్ళ గదికి పంపిస్తారు, లేదంటే ఇంటికి. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఊరికి నేను ఏదో ఒకటి అందిస్తూ కూర్చున్నాను. ఆ కుర్చీ పోతే నేనేమిటో నాకు తెలియదు. నాకు నిజంగా భయంగా ఉంది.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు శాఖ మనిషివి. చెప్తే నాతోపాటు నువ్వూ దాచాలి, లేదా నా మీద నువ్వే చెప్పాలి. ఆ బరువు నీ నెత్తిన పెట్టడం ఇష్టం లేకపోయింది. ఇంకోటి కూడా ఉంది. ఏడేళ్ళ క్రితం నువ్వు వచ్చినప్పుడు నాలుగు రోజులూ నీ మొహం వైపే చూస్తూ కూర్చున్నాను. "వదినకి నేనంటే ఎంత ఇష్టమో, కళ్ళు తిప్పుకోవడం లేదు" అన్నావు మీ అన్నయ్యతో. ఆ మాట నీ పెదాల మీద చదివాను. నిజం చెప్పి దాన్ని పాడుచెయ్యాలనిపించలేదు. ఇష్టమూ నిజమే అనుకో.

నేను తెరలో మునిగి ఉండగా ఆ రోజు ఫోను తీసింది గుమాస్తాగారే అయి ఉంటాడు. అప్పుడప్పుడు అలా చొరవ తీసుకుంటాడు. ఉత్తరాల సంగతి పోస్టుమాన్ చెప్పి ఉంటాడు.

వదిన


నెట్‌వర్క్ కేంద్రం, మూడో అంతస్తు
మార్చి 9

వదినా,

నీ ఉత్తరం అంది ఐదు రోజులైంది. ఆదివారాలు నువ్వు పెరట్లోకి పారిపోతున్నావని వెక్కిరించిన ఉత్తరం గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతున్నాను. నన్ను క్షమించు. పదకొండేళ్ళు నేను పేజీలు పంపిస్తూనే ఉన్నాను, వాటిని అవతల ఎవరు ఎందుకు చదువుతున్నారో ఒక్కసారీ అడగలేదు. అడగాల్సిన మనిషి మా ఇంట్లోనే ఉంది.

మీ ఊరి పేరు వెనక్కి తీయించడానికి రెండుసార్లు పైకి వెళ్ళాను. కారణమేమిటన్నారు. కారణం చెప్పలేను కదా. కాగితం మీద సంతకాలైపోయాయి, సామాను కూడా లారీ ఎక్కింది. పులి మీద పుట్రలా, మొదటి రెండు రోజులు నీ పక్కన కూర్చుని చూడటానికి సర్వే అధికారిని పంపిస్తున్నారు. చెడ్డవాడు కాదు కాని, నియమాల పుస్తకం తలకింద పెట్టుకుని పడుకునే రకం.

నా చేతిలో ఉన్నది ఒక్కటే. దీంతో ఒక కవరు పంపిస్తున్నాను. అందులో కేంద్రం ముద్రతో ఒక ఆర్డరు ఉంది, కొత్త మిషను దగ్గర కూడా ప్రశ్నలు కాగితం మీదే తీసుకోవాలని. రికార్డు కోసమని కారణం రాశాను. సంతకం నాదే. ఎవరైనా అడిగితే అది చూపించు. అద్దం తీసేయడం ఆపలేకపోయాను, కుర్చీలూ ఆపలేకపోయాను.

నీ దగ్గర నుంచి ఉత్తరం వచ్చేదాకా నాకు అన్నం సయించదు.

నీ ఆడపడుచు


టెలిఫోన్ ఆఫీసు, పొడుగు బల్ల దగ్గర
ఏప్రిల్ 11

మరదలు పిల్లకి,

కూర్చుని తీరిగ్గా చదువు. ఇది మూడు వరసల ఉత్తరం కాదు.

ముందు నీ కవరు సంగతి. విప్పలేదు. సొరుగులో అలాగే ఉంది. మీటరు పేరుతో నేనాడిన అబద్ధం నా మటుకు నాది. దానికి నీ సంతకం కూడా తోడవడం నాకిష్టం లేకపోయింది. తేలిపోతే తేలిపోనీ, లేచి ఇంటికి వెళ్ళిపోదామని మీ అన్నయ్యకి చెప్పి బయల్దేరాను. ఆయన నా డబ్బాలో అన్నం ఎప్పటికన్నా ఎక్కువ పెట్టాడు.

ఆఫీసుకి వెళ్ళేసరికి గది గుర్తుపట్టలేకపోయాను. అద్దం లేదు, దాని మీద బోర్డూ లేదు. మీ మనుషులు శుభ్రంగా ఊడ్చి, నా కాగితం ముక్కల డబ్బా, పెన్సిలు, దారం అన్నీ చెత్తలో పడేశారు. పెట్టె కూడా వరండాలో నేల మీద ఉంది, దాని తీగ దానికే చుట్టేసి. బల్ల మీద పెద్ద తెర, పక్కన ఖాళీ కుర్చీ. గోడవార సర్వే అధికారి, ఒళ్ళో అట్ట, అట్ట మీద గళ్ళ కాగితం.

తొమ్మిదింటికి తలుపు తీశారు. వరసలో ముందు టీ కొట్టు ఆవిడ. వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. నేను తెర వైపు చూస్తూ చేతులు మీటల మీద పెట్టుకున్నాను. ఇప్పుడు మాట్లాడుతుంది, నాకు తెలియదు, మళ్ళీ అడుగుతుంది, అయిపోయింది అనుకున్నాను. నా మోచేతి పక్కకి ఏదో జరిగింది. చూస్తే కాగితం. బిస్కెట్ పొట్లం చింపి, లోపలి వైపు రాసింది. "చెల్లెలి ఊళ్ళో ఆసుపత్రి, కళ్ళ డాక్టరు ఏ రోజు?"

కొట్టాను. దొరికింది. ఆవిడ వెళ్ళిపోయింది. తర్వాత బస్సు కండక్టరు, టికెట్టు వెనక. తర్వాత స్కూలు హెడ్‌మాస్టరు. ఆయన చూపు బాగా తగ్గింది, ఒక్కో అక్షరం అరంగుళం చొప్పున, క్యాలెండరు కాగితం నిండా ఒకటే ప్రశ్న. తర్వాత నేను పేరు కూడా ఎరగని ఒక రైతు, అరచేతిలో బాల్‌పెన్నుతో రాయించుకుని వచ్చి చెయ్యి చాపాడు. పెన్సిలు నేను పెట్టలేదు. కాగితం నేను పెట్టలేదు. మీటరు లేదని ఊరంతటికీ తెలుసు, మీవాళ్ళు వారం ముందే చాటింపు వేశారు. అయినా ఒక్కరు నోరు విప్పలేదు. నాకప్పటికీ బుర్రకి ఎక్కలేదు చూడు. అలవాటు అనుకున్నాను.

పదకొండో మనిషి గుమాస్తాగారు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, కోర్టులో దఖలు చేసినట్టు రెండు చేతులతో నా ముందు పెట్టాడు. దాన్ని ఉన్నదున్నట్టు కింద ఎత్తి రాస్తున్నాను.

"అమ్మగారికి వకీలు గుమాస్తా విన్నపము. మీటరు లేదని ఎరుగుదుము. అయినా చీటీయే. ఆరేళ్ళ క్రితం తమరు పనిలో ఉండగా తమ వెనక గోడ గడియారం కింద పడి భళ్ళున పగిలింది. అప్పుడు వరసలో ఏడుగురం ఉన్నాము. తమరు తిరిగి చూడలేదు. బయటికి వెళ్ళి ఏడుగురం ఒక మాట అనుకున్నాము. ఆ మాట నేటికీ అమలులో ఉన్నది, ఊరంతా కట్టుబడి ఉన్నది. పిల్లి మీద నేరం మోపినది మేమే. అది నిర్దోషి, కావున దానిని విడుదల చేయవలసినదిగా ప్రార్థన. ఇక ప్రశ్న: రేపు పొద్దున్న రైలు ఎన్నింటికి?"

రైలు ఆరూ నలభైకి. అది కొట్టడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు. తెర మీద అక్షరాలు కనపడలేదు. ఆయన కుర్చీలో కదలకుండా, మీసాలు దువ్వుకుంటూ, ఎటో చూస్తూ కూర్చున్నాడు. నేను పదకొండేళ్ళు ఊరి నుంచి దాచానని మురిసిపోయాను. వాళ్ళు ఆరేళ్ళు నా నుంచి దాచారు.

సాయంత్రం మీ అన్నయ్యని నిలదీశాను. గడియారం బాగుచెయ్యడానికి తెచ్చిన రోజే ఊరికి తెలిసిపోయిందని గుమాస్తాగారు ఆయనకి చెప్పాడట. "నాకెందుకు చెప్పలేదు?" అంటే, "నువ్వు దాచుకోవడానికి అంత కష్టపడుతున్నావు, మధ్యలో నేనెందుకు పాడుచెయ్యాలి?" అన్నాడు. మీ వంశంలో ఇంత గుట్టు ఉన్నవాడు ఎలా పుట్టాడో. నీకు మాత్రం ఆ గుణం రాలేదు.

సర్వే అధికారి సంగతి చెప్పలేదు కదూ. మధ్యాహ్నం ఆయన నన్నేదో అడిగినట్టున్నాడు, నాకు తెలియదు. వరసలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా ఆయన వైపు తిరిగి చూశారు. ఆయన ఆ మొహాలు చూశాడు, నన్ను చూశాడు. తర్వాత తన గళ్ళ కాగితం చివర చింపి, రాసి, బల్ల మీదుగా తోశాడు. "రోజుకి ఎంతమంది వస్తారు?" అరవై అని కింద రాసిచ్చాను. రెండు రోజులూ నాతో అలాగే మాట్లాడాడు. పైకి ఏం రాస్తాడో నీకే తెలియాలి.

వదిన


నెట్‌వర్క్ కేంద్రం, మూడో అంతస్తు
మే 20

వదినా,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పడం నా బుద్ధితక్కువ. గుమాస్తాగారి విన్నపం దగ్గరికి వచ్చేసరికి పక్క బల్ల ఆవిడ లేచొచ్చి మంచినీళ్ళిచ్చింది.

సర్వే అధికారి నివేదిక ఇవాళ నా బల్ల మీదికి వచ్చింది. పెట్టె అందక ఇంటర్నెట్ గదులు రెండేళ్ళ ముందే వచ్చిన ఊళ్ళలో జనం తెర ముందు గంటసేపు కూర్చుని, వెతికే పేజీలో పురాణమంతా కొట్టి, ఏమీ దొరక్క లేచిపోతున్నారట. మీ ఊళ్ళో మనిషికి మూడు నిమిషాలు, పదిమందిలో తొమ్మిదిమందికి జవాబు దొరుకుతోంది. నెల తిరిగేసరికి నలుగురు సొంతంగా ఇళ్ళల్లో లైను పెట్టించుకున్నారు, వాళ్ళలో చూపు తగ్గిన మీ హెడ్‌మాస్టరు ఒకరు. ఏం అడగాలో నాలుగు మాటల్లో రాయడం వాళ్ళకి ముందే వచ్చు. పెట్టె మనని వెనక్కి లాగిందని కమిటీ కోసం నేను రాసిన ఇరవై పేజీల్లో పద్దెనిమిది చించేశాను. తీగలు, మీటలు లెక్కపెట్టాను కాని, పెట్టె ముందు జనం ఎలా నిలబడ్డారో చూడలేదు.

మా శాఖ పెద్దాయనకి ఇది బాగా నచ్చింది. మిగతా నలభై కిటికీల్లోనూ పెట్టెలు తీసేముందు చీటీ పద్ధతి నేర్పిద్దామంటున్నాడు. ఇది ఎవరు మొదలుపెట్టారు, ఎందుకు మొదలుపెట్టారని అడిగాడు. నివేదికలో "ప్రత్యేక కారణం" అని ఒక గడి ఉంది. సర్వే అధికారి అన్ని గళ్ళూ నింపి, ఆ ఒక్కటీ ఖాళీగా ఉంచాడు. పక్కన పెన్సిలుతో, "ఇది మీ ఇంటి విషయమని విన్నాను, మీరే నింపండి" అని రాశాడు.

నిజం రాస్తే నీ కుర్చీ ఉంటుందని నేను మాటివ్వలేను వదినా. నియమాల పుస్తకం ఇంకా మారలేదు. ఉంచడానికి నా తల తాకట్టు పెట్టి పోట్లాడతాను, అది మాత్రం మాటిస్తున్నాను. వద్దంటే, "కారణం తెలియదు" అని రాసి పంపేస్తాను, ఎవరూ రెండోసారి అడగరు. జూన్ పదో తేదీ లోపల పైకి పంపాలి. ఏం రాయమంటావు?

నీ ఆడపడుచు


(బస్సు టికెట్టు వెనక, పెన్సిలుతో)

గడిలో ఉన్నది ఉన్నట్టు రాయి. ఇక్కడ బోర్డు మళ్ళీ కట్టించాను. ఇప్పుడు దాని మీద రెండు వరసలు:

నాకు వినపడదు.
చీటీ రాసి అడగండి.